మడ అడవి దాటాక సముద్రం

సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తే ముక్కనుమ నాడు సముద్రానికి పోవడం మాకు ఆనవాయితీ. దివిసీమలో కోడూరు దగ్గర పల్లె అది. నాన్నకి విజయవాడలో ఉద్యోగం. భోగికి రెండ్రోజుల ముందే అమ్మ మమ్మల్ని తీసుకుని ఆర్టీసీ బస్సు ఎక్కేది. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి... ఒక్కో ఊరూ దాటుతుంటే తమ్ముడూ నేనూ వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టేవాళ్ళం. మోపిదేవి రాగానే అమ్మ బస్సులోంచే సుబ్రహ్మణ్యేశ్వరుడికి దణ్ణం పెట్టుకునేది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటామంటే "వచ్చేశాం" అనేది. ఇంకా బోలెడు దారి ఉండేది. అయినా అమ్మకి పుట్టిల్లు అక్కణ్ణుంచే మొదలు.

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండుగా చీలుతుంది. ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచొచ్చిన నది, చివర్లో అలసిపోయి రెండు చేతులూ చాపినట్టుంటుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే మా దివిసీమ. మూడు వైపులా నీళ్ళే కాబట్టి, అక్కడి పిల్లలకి సముద్రం కొత్త కాదు. విజయవాడలో పెరిగిన మాకు మాత్రం ఏడాదికి ఒక్కరోజు.

మా ఊళ్ళో ఎవరూ దాన్ని బీచ్ అనేవాళ్ళు కాదు. "సముద్రం కాడికి" అనేవాళ్ళు, అంతే. అదొక షికారు చోటన్న ఆలోచనే ఉండేది కాదు. వేటకి పోయేవాళ్ళకి అది పని. మాఘ పౌర్ణమికి మునిగేవాళ్ళకి పుణ్యం. ఆటలకని బయల్దేరేది బహుశా మా మావయ్య ట్రక్కు ఒక్కటే.

ట్రాక్టరు మాది కాదు, వీధి చివర రైతుది. కుప్ప నూర్పిళ్ళు అయిపోయేసరికి ఖాళీగా ఉండేది. మావయ్య డీజిల్ పోయించుకుని తెచ్చేవాడు. ట్రక్కు అడుగున వరిగడ్డి మందంగా పరిచి, పైన జంపకానా వేసేవాళ్ళు. అమ్మ, పెద్దమ్మ, పెద్దమ్మ పిల్లలిద్దరు, మేమిద్దరం, పక్కింటి పిల్లలు ముగ్గురు, వాళ్ళ నాయనమ్మ. పెద్ద స్టీలు డబ్బాలో పులిహోర, ఇత్తడి గిన్నెలో దద్దోజనం, గోనెసంచిలో తేగలు. రెండు బిందెల మంచినీళ్ళు తప్పనిసరి, అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే. ఆ బిందెల మూతులకి అరిటాకు కట్టి, కదలకుండా మా కాళ్ళ మధ్య పెట్టేవాళ్ళు. ఊరు దాటేసరికే సగం నీళ్ళు మా గౌన్ల మీద ఉండేవి.

అమ్మమ్మ మాత్రం వచ్చేది కాదు. వీధి గుమ్మం దాకా వచ్చి ట్రక్కులో పిల్లల్ని లెక్కపెట్టేది. "ఏడుగురు" అని పైకే అనేది. సాయంత్రం తిరిగొచ్చాక మళ్ళీ లెక్క. ఏడుగురూ దిగితే గానీ లోపలికి వెళ్ళేది కాదు. అప్పట్లో అందులో మాకేం వింత కనపడలేదు. అమ్మమ్మలందరూ ఇంతే అనుకునేవాళ్ళం.

కోడూరు దాటాక రెండు పక్కలా మినుము చేలు. వరి కోసిన మడిలోనే, ఆ మొదళ్ళ మధ్యే మినుము పచ్చగా లేచి ఉండేది. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గర ట్రాక్టరు ఆగేది. పెద్దమ్మ కథ చెప్పేది. పాపులందరూ తనలో మునిగి మునిగి వాళ్ళ పాపమంతా పట్టి గంగమ్మ నల్లటి కాకిలా మారిపోయిందట. తీర్థాలన్నీ తిరిగి తిరిగి, ఇక్కడ కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగితే తెల్లటి హంస అయిందట. అందుకే ఊరికి ఆ పేరు. ఈ గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని, తెల్లారి కోడి కూసేసరికి గోపురం సగంలో వదిలేసి వెళ్ళారని కూడా చెప్పేది. కథ వింటున్నంతసేపూ నా చూపు గుడి అవతలే. ఎందుకంటే గుడి దాటాక ఇంకో నాలుగైదు కిలోమీటర్లే.

ఆ నాలుగైదు కిలోమీటర్ల గురించే నాకు రాయాలని ఉంది. సముద్రం గురించి అందరూ రాస్తారు. మా సముద్రానికి ముందొక అడవి ఉంది.

గుడి దాటాక నేల రంగు మారిపోతుంది. చేలు ఆగిపోతాయి. ఉప్పు పేరుకున్న చవిటి నేల, అక్కడక్కడా ఎర్రబారిన ఇలకూర మొక్కలు. తర్వాత కాలవల్లాంటి సన్నటి పాయలు మొదలవుతాయి. వాటికి అటూ ఇటూ మడ చెట్లు. మడ అడవి అంటే నల్లమల లాంటి అడవిని ఊహించుకోకండి. చెట్లు మరీ ఎత్తుండవు. కానీ చీమ దూరే సందు ఉండదు. కింద నేల అనేది కనపడదు, నల్లటి బురద, దాన్లోంచి వేల వేల పుల్లలు పైకి లేచి ఉంటాయి. పెన్సిళ్ళు తలకిందులుగా గుచ్చినట్టు.

ఒక పాయ దగ్గర మావయ్య ఇంజను ఆపేసేవాడు. "మాట్లాడకండి, వినండి" అనేవాడు. ట్రాక్టరు మోత చెవుల్లోంచి పోవడానికి కాసేపు పట్టేది. ఆ తర్వాత బురద మాట్లాడటం వినిపించేది. టప్, టప్ మని బుడగలు పగులుతున్న చప్పుడు. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తీసినప్పుడు అలా ఉంటుంది. కళ్ళు అలవాటు పడ్డాక, ఆ బురదంతా కదులుతోందని తెలిసేది. ఒక చెయ్యి మాత్రం ఒంటికంటే పెద్దగా, ఎర్రగా ఉన్న బుల్లి పీతలు ఆ చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ మమ్మల్నే పిలుస్తున్నట్టుండేవి. రెక్కలు నేలకి ఆనించి బురద మీద పాకే చిన్న చేపలు ఉండేవి, వేలెడంత. చేప నీళ్ళు లేకుండా ఎలా బతుకుతుందని తమ్ముడు ఏడాదికోసారి అడిగేవాడు. మావయ్య ఏడాదికోసారి ఓపిగ్గా చెప్పేవాడు.

ఆ పుల్లలు వేర్లట. బురదలో గాలి ఆడదు కాబట్టి, చెట్టు వేర్లని పైకి పంపి గాలి పీల్చుకుంటుందట. పోటొస్తే మునుగుతాయి, పాటొస్తే తేలి ఊపిరి తీసుకుంటాయి. రోజుకి రెండుసార్లు మునగడం, రెండుసార్లు తేలడం, ఇదే వాటి బతుకు. తెల్లమడ ఆకు ఒకటి తుంపి "నాకండి" అనేవాడు. ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తూ ఉండేవి. ఉప్పు! అచ్చంగా ఇంట్లో ఉప్పు. ఉప్పు నీళ్ళే తాగి, ఒంటికి పడని ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తుందని చెప్పేవాడు. ఏడుగురం ఏడు ఆకులు పట్టుకుని నాకేవాళ్ళం. పక్కనే ఉన్న తిల్ల చెట్టుని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని భయపెట్టేవాడు, అది భయపెట్టడం కాదు, నిజమేనని తర్వాత తెలిసింది.

నాకు ఎక్కువ ఇష్టమైంది ఉప్పుపొన్న. దాని కాయ మునక్కాడలా సన్నగా, పొడుగ్గా వేలాడేది. అది కాయ కాదు, అప్పటికే మొలకెత్తిన మొక్క. గింజ కింద పడితే నీళ్ళు కొట్టుకుపోతాయి కదా, అందుకని తల్లి కొమ్మకి ఉండగానే మొలకెత్తి, వేరు మూరెడు సాగాక బురదలోకి జారి, గుచ్చుకుని నిలబడుతుంది. "పిల్లని నడక నేర్పాకే దింపుతుంది" అనేవాడు మావయ్య. అప్పటికి మావయ్యకి ఇరవై రెండో ఇరవై మూడో. పెద్దగా చదువుకోలేదు. అడవి గురించి ఆయనకి తెలిసిందంతా పీతల కోసం, చేపల కోసం వేటవాళ్ళతో తిరిగి నేర్చుకున్నదే.

అడవి అయిపోయాక ఇసుక, ఇసుకలో సరుగుడు చెట్లు. సముద్రం దగ్గరికొస్తే ముందు దాని హోరు వినిపిస్తుంది అనుకుంటాం. అక్కడ ముందు వినిపించేది సరుగుడు ఆకుల హోరు. రెండూ ఒకేలా ఉంటాయి. "సముద్రం వినపడుతోంది!" అని తమ్ముడు కేకలు పెట్టేవాడు, "అది చెట్టురా" అని పెద్దమ్మ నవ్వేది. ఎక్కడో ఒకచోట చెట్టు హోరు సముద్రపు హోరులో కలిసిపోయేది. ఆ చోటు ఈసారి కనిపెట్టాలని ప్రతి ఏడూ చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఎప్పుడూ దొరకలేదు.

ఆపైన పాలకాయతిప్ప తీరం. ఎంత దూరం చూస్తే అంత దూరం ఖాళీ. నాలుగు పడవలు ఇసుకలోకి లాగి ఉండేవి. ఎండేసిన వలలు, ఉప్పుచేపల వాసన, అంతే. ఒక్క బడ్డీకొట్టు లేదు, బఠాణీల బండి లేదు. ఆ తీరం పిల్లలకి ఎంత అనుకూలమో అప్పుడు తెలియలేదు. చాలా దూరం దాకా మోకాలి లోతే. అలలు వచ్చి పాదాల దగ్గర పరుచుకుని, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవి. అయినా మావయ్య షరతులు పెట్టేవాడు. నడుము దాటి లోపలికి వెళ్ళకూడదు. నది కలిసేవైపు అస్సలు పోకూడదు. సంగమం దగ్గర పైకి అంతా ప్రశాంతంగానే ఉంటుంది, కానీ నదీ సముద్రమూ ఒకదాన్నొకటి నెట్టుకునేచోట కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది, లోపల సుడులుంటాయి. ఇప్పటికీ అక్కడికి పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఈ ఒక్క మాటే.

పొద్దున్నే చేరితే అలివి వల లాగేవాళ్ళు కనపడేవాళ్ళు. వల రెండు కొసల తాళ్ళూ గట్టు మీంచి పదిమంది ఇటు, పదిమంది అటు పట్టి లాగుతుంటే మేమూ వెళ్ళి తాడు పట్టుకునేవాళ్ళం. మా వల్ల వాళ్ళకి ఒరిగేదేం లేదు. అయినా వద్దనేవాళ్ళు కాదు. వల ఒడ్డుకొచ్చాక మాకు వాటా ఇచ్చేవాళ్ళు. దోసెడు కవళ్ళు, వెండి రిబ్బన్లలాంటి రెండు సావళ్ళు. అవి పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి పెద్దమ్మకి చూపిస్తే, పులిహోర డబ్బా దగ్గర అవెందుకని కసిరేది. సాయంత్రం ఇంటికెళ్ళాక పులుసు పెట్టేది కూడా ఆవిడే.

ఇసుక దిబ్బల మీద ముళ్ళ బంతుల్లాంటివి దొరికేవి. రావణాసురుడి మీసాలు అంటారు. ఒకరకం ఇసుక గడ్డి కాసే కంకి అది. గాలికి విడిపోయి ఇసుక మీద దొర్లుకుంటూ పరిగెడుతుంది. గింజలు చల్లుకోవడానికి దాని ఉపాయమది. మాకది పందెం. తలా ఒకటి పట్టుకుని, ఒకేసారి వదిలి, వెనకాలే పరుగు. ఎవరిది ముందు నీళ్ళని ముట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు. వాటిని తొక్కితే అరికాళ్ళలో మంట, ఆ మంట నీళ్ళలోకి దిగగానే రెట్టింపు.

ఒక ఏడాది పొద్దున్నే ఇసుకలో ట్రాక్టరు టైరు గుర్తుల్లాంటి చార కనిపించింది. నీళ్ళలోంచి దిబ్బ దాకా వచ్చి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. మాకంటే ముందు ఎవరో ట్రాక్టరు తెచ్చారనుకున్నాం. వేటకి పోయే ముసలాయన ఒకాయన మమ్మల్ని ఆపి, రాత్రి తాబేలు గుడ్లు పెట్టిపోయిందని చెప్పాడు. వందకు పైనే పెడుతుందట, రెండు నెలల లోపే పిల్లలవుతాయట. చెబుతూనే కాలితో ఆ చారని చెరిపేస్తూ వెళ్ళాడు. "కుక్కల కంటా, మనుషుల కంటా పడకూడదమ్మా" అన్నాడు. కూర్మావతారం కదా, మేం ముట్టుకోం అన్నాడు. గరుడపక్షి నెత్తి మీంచి ఎగిరినప్పుడు మా పెద్దమ్మ లెంపలు వేసుకున్నంత భక్తిగా ఉంది ఆయన అడుగులు వేసే తీరు.

మధ్యాహ్నం సరుగుడు నీడలో తిండి. పులిహోరలో రెండో వాయికి ఇసుక కరకరలాడేది. తర్వాత తేగలు చీల్చుకుని తింటూ, మధ్యలో ఉండే చందమామ కోసం కొట్లాట. మావయ్య చొక్కా విప్పి ఇసుకలో పడుకునేవాడు. ఆయన చేతుల మీద, ఛాతీ మీద చిన్న చిన్న గుంటలుండేవి, తెల్లగా, చుక్కల్లా. ఒకసారి అడిగాను. "చిన్నప్పుడు అమ్మవారు పోసిందే" అన్నాడు. నాకూ అమ్మవారు పోసింది, మచ్చలు మొహం మీద ఉన్నాయి. ఈయనకేమిటి చేతుల లోపలి వైపే ఉన్నాయి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

మా ఇంట్లో ఏ సంగతి చెప్పినా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పేవాళ్ళు. ఆ చింతచెట్టు ఉప్పెనకి ముందుది. ఈ వంటిల్లు ఉప్పెన తర్వాత కట్టింది. 1977 నవంబరు 19. అమ్మ అప్పటికి విజయవాడలో అత్తారింట్లో ఉంది, నేను కడుపులో ఉన్నాను. సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు. ఈ లెక్కలన్నీ నాకు పుస్తకాల్లో తర్వాత దొరికాయి. ఇంట్లో మాత్రం "ఉప్పెన" అన్న మాట తర్వాత ఎప్పుడూ ఇంకో వాక్యం ఉండేది కాదు.

1992లో, మాఘ పౌర్ణమికి, అమ్మమ్మ తనంతట తానే సముద్రానికి వస్తానంది. నాకు పద్నాలుగేళ్ళు. మావయ్యకి పెళ్ళై, పిల్లాడు పుట్టిన మరుసటి ఏడాది. అమ్మకి ఉత్తరం రాగానే నాకు బడి మాన్పించి మరీ తీసుకెళ్ళింది.

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో స్వామి కల్యాణం. తిరునాళ్ళు. దారంతా బళ్ళు, ట్రాక్టర్లు, నడిచొచ్చే జనం. మేం ఏటా చూసే ఖాళీ తీరం ఆ రోజు మనుషులతో నిండిపోతుంది. గుడి దగ్గర గాజుల మలారం ఆవిడ దగ్గర అమ్మమ్మ ఆగింది. ఆకుపచ్చ మట్టిగాజులు డజను కావాలంది. ఏ సైజని ఆవిడ అడిగింది. నాకే అనుకుని నేను చెయ్యి చాపాను.

"నీక్కాదమ్మా" అంది అమ్మమ్మ. తన కుడిచేతి వేళ్ళన్నీ దగ్గరికి ముడిచి, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటి చుట్టూ గుండ్రంగా చుట్టి, ఇంకాస్త బిగించి ఆవిడకి చూపించింది. "ఇంత. తొమ్మిదేళ్ళ పిల్ల."

గాజులావిడ ఇంకేం అడగలేదు. ఒక్కో గాజూ వేలితో మీటి, పగులుందేమో చూసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బులు ఇస్తుంటే సగమే తీసుకుంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ట్రక్కు చక్రం వైపు చూస్తోంది.

అడవిలోంచి వెళ్తున్నంతసేపూ అమ్మమ్మ తల తిప్పకుండా చెట్లనే చూసింది. మావయ్య అలవాటు ప్రకారం పాయ దగ్గర ఇంజను ఆపాడు. పోటు సమయం, వేర్లన్నీ మునిగి ఉన్నాయి. నీళ్ళ మీద చెట్లు తేలుతున్నట్టున్నాయి. అప్పుడు చెప్పింది అమ్మమ్మ, ఎవరి వైపూ చూడకుండా. ఆ రోజు పొద్దుటి నుంచీ గాలి. తాతయ్య పిల్లలిద్దర్నీ తీసుకుని దొడ్లో గొడ్ల పలుపులు విప్పడానికి వెళ్ళాడు. చీకటి పడుతుంటే నీళ్ళు వచ్చాయి, తాటిచెట్టంత ఎత్తున, నల్లగా. తాతయ్య చేతిలో చిన్నపిల్ల చెయ్యి ఉంది. మావయ్యని నీళ్ళు ఈడ్చుకెళ్ళి తుమ్మచెట్టు మీద పడేశాయి. పదమూడేళ్ళవాడు. రాత్రంతా ఆ ముళ్ళకొమ్మని రెండు చేతులతో కావలించుకుని ఉన్నాడు. తెల్లారాక వచ్చినవాళ్ళు కొమ్మ నుంచి వాడి చేతులు విడదీయడానికి చాలాసేపు పట్టింది. చిన్నపిల్ల దొరకలేదు.

అమ్మమ్మ చెప్పడం ఆపేసింది. మావయ్య ఇంజను తిప్పాడు.

స్నానం దగ్గర అమ్మమ్మ మోకాలి లోతు దాకా మాత్రం దిగింది. నేను ఒక చెయ్యి, మావయ్య ఒక చెయ్యి పట్టుకున్నాం. మూడు దోసిళ్ళు నెత్తిన పోసుకుంది. పసుపు, కుంకుమ, ఒక రవికె గుడ్డ నీళ్ళలో వదిలింది. కాగితం విప్పి ఆరు గాజులు ఒక్కొక్కటే వదిలింది. ఆరోది వదలడానికి ముందు కాసేపు అరచేతిలో పట్టుకుంది. నీళ్ళ వెనక్కి లాగుడుకి అవి దొర్లుకుంటూ, ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతూ లోపలికి వెళ్ళాయి. అంత జనం కేకల మధ్య ఆ చప్పుడు నాకు వినపడింది.

తిరిగొచ్చేటప్పుడు అదే పాయ దగ్గర ట్రాక్టరు ఆపమంది. గట్టు అంచున ఉన్న తెల్లమడ చెట్టు దగ్గరికి నడిచింది. మొదలుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మిగిలిన ఆరు గాజులూ చిన్న కొమ్మకి తొడిగింది. "మీ మావయ్యని ఉంచింది చెట్టే కదా" అంది నాతో. తుమ్మచెట్టు ఎప్పుడో పోయింది. ఆ మొక్కేదో ఈ చెట్టుకి చెల్లించింది అనుకుంటాను. తర్వాత ఒక ఆకు తెంపి నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఆవిడకి ఈ ఆట ఎవరు నేర్పారో అడగాలని నాకు తోచలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక గుమ్మంలో లెక్కపెట్టడానికి ఎవరూ లేరు. అమ్మమ్మ మాతోపాటే ట్రక్కు దిగింది. దిగి, వెనక్కి తిరిగి, మమ్మల్ని లెక్కపెట్టింది.

తర్వాతి సంగతులు మామూలే. చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. తమ్ముడు టెక్సాస్, నేను హైదరాబాద్. అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సంక్రాంతికి ఊరెళ్ళడం పోయి, ఫోన్లో శుభాకాంక్షలు పంపుకోవడం వచ్చింది.

ఈమధ్య మా అమ్మాయితో మళ్ళీ వెళ్ళాను. మావయ్యకి అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా "నేనొస్తా" అని ముందు సీట్లో కూర్చున్నాడు. మినుము చేలు ఉన్న చాలాచోట్ల ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఆ మడ అడవులని 1989లోనే కృష్ణా అభయారణ్యం చేశారు, నిజానికి మేం ట్రక్కులో తిరిగిన చివరి రోజుల్లోనే. అప్పుడు మాకా సంగతే తెలియదు. ఇప్పుడు అటవీ శాఖ గేటు ఉంది, మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది, చీకటి పడేలోగా అందరూ బయటికి వచ్చేయాలి. నాకు ఆ గేటు చూస్తే ప్రాణం కుదుటపడింది. రాత్రిళ్ళు తీరం తాబేళ్ళకీ, అడవి బావురుపిల్లులకీ మిగులుతుంది కదా. ఆ పిల్లి మన పిల్లి కంటే రెట్టింపు ఉంటుంది, నీళ్ళలోకి దూకి చేపలు పడుతుంది. మేం చిన్నప్పుడు ఒక్కసారీ చూడలేదు. బురదలో దాని అడుగులు మాత్రం మావయ్య చూపించేవాడు.

పాయ దగ్గర కారు ఆపించాను. అమ్మమ్మ బొట్టు పెట్టిన చెట్టు కోసం వెతికాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఏ చెట్టని గుర్తుపట్టను? అప్పుడు ఉత్త బురదగా ఉన్న చోట ఇప్పుడు నిలువెత్తు చెట్లున్నాయి. నది తెచ్చిన మట్టి కొత్త గట్టు వేసింది, దాని మీద వేలెడంత మొక్కలు వరసగా లేస్తున్నాయి. మా అమ్మాయి ఆకు నాకి, మొహం వికారంగా పెట్టి, ఇంకో ఆకు కోసింది.

తీరంలో పది కుటుంబాలున్నాయి. ఎవరో పిల్లలు ఇసుక గూళ్ళు కడుతున్నారు. అలలు అప్పటిలాగే పాదాల దగ్గర పరుచుకుని పోతున్నాయి. మా అమ్మాయి నడుము లోతు దాకా వెళ్ళి మావయ్య వైపు చూసింది, ఆయన చెయ్యెత్తి "అక్కడితో చాలు" అన్నాడు. గొంతు కూడా అదే.

ఎండ వాలాక ముగ్గురం సరుగుడు కింద కూర్చున్నాం. ఉక్కగా ఉందని మావయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. మా అమ్మాయి ఆయన చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, ఆ తెల్ల చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలెట్టింది.

"ఇవేంటి తాతయ్యా?"

నేను తల తిప్పుకున్నాను. అమ్మవారు అంటాడని ఎదురుచూశాను.

"తుమ్మముళ్ళు" అన్నాడు మావయ్య.

"ఇన్ని ముళ్ళా? ఎలా గుచ్చుకున్నాయి?"

దూరంగా గేటు వైపు నుంచి విజిల్ వినపడింది. వెళ్ళిపోవాల్సిన టైమైంది. జనం చాపలు దులుపుకుంటున్నారు. మావయ్య లేవలేదు. చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు.

"నాకో చెల్లెలుండేదమ్మా" అని మొదలుపెట్టాడు.